తాత మీటరు పుస్తకం

మొన్న ఇల్లు మారేటప్పుడు అటక మీది ట్రంకు పెట్టెలో ఒక వంద పేజీల నోటుబుక్కు దొరికింది. అట్ట మీద తాత చేతిరాతతో "మీటరు" అని ఒకటే మాట. తెరిస్తే లోపల కథలూ కవిత్వాలూ ఏం లేవు. ఎడమ పక్క తేదీ, మధ్యలో నాలుగంకెల రీడింగు, కుడి పక్క ఆ రోజు కాలిన యూనిట్లు. మొదటి తేదీ 4-6-2000. సర్దడం ఆపేసి అక్కడే గచ్చు మీద కూచున్నాను. మా ఆయన వచ్చి "ఆటోట్రాలీ వాడు వెయిటింగ్ చార్జీ అడుగుతున్నాడు" అనేదాకా లేవలేదు.

అప్పుడు మేము నల్లకుంటలో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. నాకు పదో తరగతి. తాత వరంగల్‌లో ఆజంజాహీ మిల్లులో పనిచేసి, నానమ్మ పోయాక మా దగ్గరికి వచ్చేశాడు. మిల్లు యూనియన్‌లో తిరిగిన మనిషి. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి నడిచి వెళ్లి విశాలాంధ్ర, ప్రజాశక్తి రెండూ చదివి వచ్చేవాడు. ఇంటికొచ్చే ఈనాడు కూడా చదివేవాడు కానీ అది తిట్టుకోవడానికి.

మా బాపుదేమో కరెంటాఫీసులో ఉద్యోగం. బిల్లులు కట్టించుకునే కౌంటరు. మా ఇంట్లో పంచాయితీ ఎక్కడ మొదలైందో ఇంతటితో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆ రెండేళ్లూ బాపు పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న కరెంటు బోర్డును ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకి ట్రాన్స్‌కో అని రెండు ముక్కలు చేశారు. 2000 ఏప్రిల్‌లో పంపిణీకి మళ్లీ నాలుగు కంపెనీలు. పొద్దున బోర్డు ఉద్యోగిగా పోయినవాడు సాయంత్రానికి కంపెనీ మనిషిగా ఇంటికొచ్చినట్టుండేది ఆయనకి. పింఛన్ ఎవరిస్తారు, ప్రమోషన్ లిస్టు ఏ కంపెనీలో ఉంటుంది, ఇవే ఆయన బెంగలు. బయటివాళ్లకు మాత్రం "మీకేంటండీ, కరెంటోళ్లు, మీకు బిల్లే ఉండదు కదా" అని గట్టి నమ్మకం. మాకు బిల్లుండేది. అందరికంటే ఎక్కువే ఉండేది.

ఎందుకంటే ఇంటి ఓనరుకు మీటరు ఒక్కటే. ఆయన కాక మూడు పోర్షన్లు. మా గుమ్మం పక్కన గోడకి ఒక చిన్న సబ్‌మీటరు, అంతే. వాడకం ఎక్కువైన కొద్దీ యూనిట్ రేటు పెరిగే పద్ధతి కదా, నాలుగిళ్ల యూనిట్లూ ఒక మీటరు మీద కలిసేసరికి బిల్లు పై శ్లాబుకి ఎక్కి కూచునేది. ఓనరు ఆ పై రేటునే అందరికీ లెక్కకట్టేవాడు. రెండు ట్యూబులైట్లు, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ, ఎప్పుడన్నా మిక్సీ. ఇంతే మా సంసారం. కానీ కట్టేది ఏసీలున్నవాళ్ల రేటు. వేరే మీటరు పెట్టించమని బాపు ఎన్నిసార్లు అడిగినా ఆయన "చూద్దాం" అనేవాడు. కరెంటాఫీసు మనిషి మీటరు కోసం బతిమాలుకోవడం చూసి తాత ముసిముసిగా నవ్వేవాడు.

1999 ఎన్నికల్లో చంద్రబాబు నాయుడు మళ్లీ గెలిచి ఏడాది కూడా కాలేదు. మే నెలాఖర్లో, కరెంటు రేట్లు పెట్టే రెగ్యులేటరీ కమిషన్ తొలి టారిఫ్ ఉత్తర్వు ఇచ్చింది. జూన్ 4 నుంచి కొత్త రేట్లు. ఆ రోజు ఆదివారం. తాత పొద్దున్నే స్టూలు వేసుకుని సబ్‌మీటరు ముందు కూచున్నాడు. ఈ కాలం పిల్లలు చూసి ఉండరు. నల్లటి డబ్బా, ముందు గాజు, లోపల అడ్డంగా తిరిగే అల్యూమినియం చక్రం, దాని అంచున ఒక ఎర్ర గుర్తు. ఆ ఎర్ర గుర్తు ఒకసారి కనబడి మళ్లీ కనబడేదాకా తాత అంకెలు లెక్కపెట్టేవాడు. ఒక లైటేస్తే మెల్లగా, పడుకున్న పాములాగా. అమ్మ ఇస్త్రీ పెట్టె పెట్టిందంటే గిర్రున. "కోడలా, గిదేందమ్మా, చక్రం గాల్లకు లేస్తున్నది" అని అరిచేవాడు. పాపం అమ్మ ఆ వేసవి తర్వాత బాపు చొక్కాలు పరుపు కింద పెట్టి మడతలు పోగొట్టడం మొదలుపెట్టింది.

రోజూ సాయంత్రం ఆరింటికి రీడింగు. వర్షమొచ్చినా, జ్వరమొచ్చినా. బాపు దాన్ని చూసి "నాయినా, ఓనరు రాసుకుంటడు, మా ఆఫీసు రాసుకుంటది, నువ్వొక్కనివి తక్కువైనవా" అనేవాడు.

"మీ ఆఫీసు రాసేది మీ లెక్క. నాది నా లెక్క."

రాత్రి అన్నాల దగ్గర అసెంబ్లీ మొదలయ్యేది. తాతది ప్రతిపక్షం, బాపుది అధికారపక్షం. నేనూ తమ్ముడూ గ్యాలరీ. బాపు ఆ పార్టీకి ఓటేశాడో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. కానీ రోజంతా కౌంటరు దగ్గర జనం తిట్లు తిని వచ్చిన మనిషి, ఇంట్లో కూడా అవే తిట్లు వింటే ఊరుకోలేడు కదా.

"తయారీ ఖర్చు రాకపోతే బోర్డు ఎట్ల నడుస్తది? మస్తు కరెంటు లైన్లలనే పోతది, కొంత కొక్కేలేసి గుంజుకుంటరు. రైతులకు ఎన్టీ రామారావు హార్స్‌పవర్‌కు యాబై రూపాయలు చేసిండు, గది ఎవరు కట్టాలె?"

"గుంజుకునేటోన్ని పట్టుకోను చాతకాదు, బుద్ధిగ కట్టేటోని మెడ మీద కత్తి పెడ్తరా?"

"ఇప్పుడు రేటు సర్కారు పెట్టది నాయినా, కమిషన్ పెడ్తది. బహిరంగ విచారణ జరిపిన్రు, ఎవలైనా పోయి చెప్పుకోవచ్చు."

"కమిషన్ అంటే మాకు తెలిసిన అర్థం ఇంకోటుంది బిడ్డా" అని తాత మజ్జిగ తాగేవాడు. బాపు కూడా నవ్వాపుకోలేకపోయేవాడు.

తాత దగ్గర పాత చిట్టా కూడా ఉండేది. ఎన్నికలప్పుడు ఒకటి చెప్పి తర్వాత ఇంకొకటి చేసినవన్నీ. రెండు రూపాయల బియ్యం 1996లో మూడున్నర అయింది. 1995 మొదట్లో వచ్చిన మద్యనిషేధం 1997లో పోయింది. నానమ్మ బతికున్నప్పుడు నిషేధం తీసేసిన రోజు రేడియో కట్టేసి ఆ పూట అన్నం తినలేదని తాత చెప్పేవాడు. ఇంక ఇప్పుడు కరెంటు. వీటన్నిటికీ తాత దగ్గర ఒకటే జవాబు: ప్రపంచ బ్యాంకు. చింతపండు ధర పెరిగినా ప్రపంచ బ్యాంకే. అప్పట్లో మేం నవ్వేవాళ్లం. తర్వాత చదువుకున్నాక తెలిసింది, కరెంటు విషయంలో మాత్రం ఆయన గాల్లో మాట్లాడలేదు. సంస్కరణలకు ఆ బ్యాంకు అప్పు నిజంగానే ఉంది, ఒడిశాలో ముందే ఆ దారి పట్టించింది కూడా. లైను నష్టాల గురించి బాపు చెప్పిందీ నిజమే. ఇద్దరూ నిజాలే చెప్తూ అంతలా ఎలా కొట్టుకునేవారో అనిపిస్తుంది.

జులైలో కొత్త బిల్లు వచ్చింది. ఓనరు కాగితం చేతిలో పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. మా వాటా అంతకుముందు కట్టేదానికి రెట్టింపుకి ఒక ఇరవై తక్కువ. అమ్మ పోపుల డబ్బాలోంచి తీసి ఇచ్చింది. తాత పుస్తకం తెచ్చి యూనిట్లు సరిచూశాడు. యూనిట్లలో తప్పు లేదు. దాంతో ఆయనకు ఇంకా కోపమొచ్చింది. తప్పుంటే ఓనరుతో కొట్లాడొచ్చు, తప్పు లేకపోతే ఎవరితో కొట్లాడాలి?

అదే వారంలో బాపు కౌంటరు దగ్గర ఒక ముసలావిడ బిల్లు కట్టి, చిల్లర తీసుకుని, "నీ బిడ్డలు సల్లగుండ, గీ పైసలు మీకు అరుగుతయా కొడుకా" అని అడిగిందట. తిడితే పట్టించుకోకపోయేవాడేమో. నెమ్మదిగా అడిగేసరికి ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. ఆ రోజు అసెంబ్లీ వాయిదా.

ఆగస్టు వచ్చేసరికి ఊరంతా అదే మాట. బస్సులో, కిరాణా కొట్లో, ఇరానీ హోటల్లో. మా గల్లీ చివర బిల్లులు కుప్పపోసి తగలబెట్టారు. కమ్యూనిస్టు పార్టీలు ఒక పక్క, కాంగ్రెస్ ఒక పక్క రోడ్డెక్కాయి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి నాయకత్వంలో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు నిరాహార దీక్షకు కూచున్నారు. వామపక్షాలు ఆగస్టు 28న చలో అసెంబ్లీ అన్నాయి. తాత ఆ తేదీ పుస్తకంలో ముందే పెన్సిలుతో చుట్టి పెట్టుకున్నాడు. ఆ చుట్టు ఇప్పటికీ ఉంది, కాస్త వెలిసింది.

దానికి నాలుగు రోజుల ముందు వాన. ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు పడింది. హుస్సేన్‌సాగర్ కింద ఉన్న కాలనీలన్నీ నీళ్లు. మా గల్లీలో మోకాలి లోతు, పక్క బస్తీలో నడుం దాకా. కరెంటు పోయి రెండు రోజులు రాలేదు. బాపు ఆఫీసుకి పోయినవాడు పోయినట్టే, మర్నాడు రాత్రి బురద ప్యాంటుతో వచ్చాడు. పుస్తకంలో 24కీ 25కీ ఒకటే రీడింగు. పక్కన తేడా గడిలో తాత సున్నాలు చుట్టి, కింద చిన్న అక్షరాలతో "ఫ్రీ" అని రాశాడు. ఆ పుస్తకం మొత్తానికి అదొక్కటే జోకు.

సోమవారం, 28. తాత ఉతికిన పంచె కట్టుకుని, సంచిలో సీసాడు నీళ్లు, రెండు అరటిపళ్లు పెట్టుకుని పదింటికి బయల్దేరాడు. అప్పటికే బాపు ఆఫీసుకి పోయాడు. అంతకుముందు రాత్రి ఇద్దరికీ మాట మాట పెరిగింది. బాపు "నేను గవర్నమెంటు జీతం తింటున్న, నా తండ్రి పోయి జెండా పట్టుకుంటే రేపు నాకు మెమో వస్తది" అన్నాడు. తాత "జెండా మీద నీ పేరు రాయను తియ్‌" అన్నాడు. అంతే.

నేను స్కూల్ నుంచి వచ్చేసరికి అమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయని పక్కింటావిడ చెప్పింది. ఎవరో ఇద్దరు పోయారంటే, కాదు పదిమంది అని ఇంకొకరు. సెల్‌ఫోన్ల కాలం కాదు. టీవీ పెడితే రాళ్లు, పొగ, పరుగెత్తే జనం. పంచె కట్టిన ప్రతి ముసలాయనా తాతలాగే కనిపించాడు.

బాపు ఐదున్నరకు వచ్చాడు. చెప్పులు విప్పకుండానే "నాయినేడి?" అన్నాడు. అమ్మ మాట్లాడలేదు. ఆయన గల్లీ చివర ఎస్‌టీడీ బూత్‌కి పోయి ఎవరెవరికో ఫోన్లు చేసి వచ్చాడు. మళ్లీ నారాయణగూడ దాకా పోయి, పోలీసులు అటు వదలక తిరిగొచ్చాడు. వచ్చి మంచం మీద కూచున్నాడు. లేచాడు. మంచినీళ్లు తీసుకుని తాగకుండా పెట్టేశాడు. గోడ గడియారం చూశాడు. తర్వాత టార్చిలైటు తీసుకుని, తాత స్టూలు లాక్కుని, మీటరు ముందు కూచున్నాడు. నా కంపాస్ బాక్సులోంచి పెన్ను అడిగి తీసుకున్నాడు.

ఆ పుస్తకంలో ఆ ఒక్క తేదీ ఎదురుగా ఉన్న అంకెలు తాతవి కావు. గవర్నమెంటు రిజిస్టర్లలో రాసినట్టు నిలువుగా, ఒద్దికగా ఉంటాయి. తేడా గడిలో 3 అని రాసి, కింద గీత కూడా గీశాడు.

తాత రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చాడు. ఒక కాలికే చెప్పు. కళ్లు చింతనిప్పుల్లా ఎర్రగా, బాష్పవాయువుకి. సంచి లేదు. ఎవరో ఇంట్లోకి పిలిచి కూచోబెట్టారట, గల్లీల్లోంచి నడుచుకుంటూ వచ్చానన్నాడు. బాపు ఒక్క మాట అనలేదు. వేణ్నీళ్లు కాచి తోడింది కూడా ఆయనే. గీజరు లేదు మాకు, కిరసనాయిలు స్టవ్ మీద. తాత స్నానం చేసి వచ్చి పుస్తకం తెరిచి చూసుకున్నాడు. చాలాసేపు చూసి, మూసి, దిండు కింద పెట్టుకున్నాడు.

ఆ కాల్పులకు బలైనవాళ్లు ముగ్గురు. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి. గుర్రాలతో తొక్కించారని వెళ్లినవాళ్లు ఇప్పటికీ చెప్తుంటారు. ఏటా ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఎర్రజెండాల వాళ్లు వచ్చి దండలేసి పోతారు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న బండ్లవాళ్లు హారన్లు కొడతారు. తాతకు ఓపిక ఉన్నన్నాళ్లు వెళ్లాడు. బాపే స్కూటర్ మీద దింపి, సిగ్నల్ అవతల ఆగి ఉండేవాడు. మెమో సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

2004లో ప్రభుత్వం మారింది. మే 14న వై.ఎస్. ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి, రైతులకు ఉచిత విద్యుత్ ఫైలు మీద తొలి సంతకం పెట్టాడు. పాత బకాయిలు కూడా మాఫీ అన్నారు. ఆ సంతకం పెట్టిన ఎల్బీ స్టేడియం, ఆ ముగ్గురూ పడిపోయిన చోటికి నాలుగడుగుల దూరం. తాత టీవీ ముందు కూచుని మొత్తం చూశాడు. "మంచి పనే" అన్నాడు. కాసేపాగి "మన చక్రమైతే ఆగలే" అన్నాడు. నిజమే, పట్నంలో అద్దెకుండేవాళ్ల బిల్లు పైసా తగ్గలేదు. ఆ చలికాలంలోనే తాత పోయాడు. పుస్తకంలో చివరి పేజీలు ఖాళీ.

తర్వాత జరిగింది మీకూ తెలుసు. 2012, 13 వచ్చేసరికి కాంగ్రెస్ ప్రభుత్వమే ఇంధన సర్దుబాటు చార్జీలంది. ఎప్పుడో కాల్చేసిన కరెంటుకి ఇప్పుడు బిల్లు. అప్పుడు రోడ్డెక్కింది తెలుగుదేశం. ప్రతిపక్షంలో ఉంటే చేతికి లాంతరు, అధికారంలోకి వస్తే నోట్లో "సర్దుబాటు". విజయవాడలో ఉన్న మా తోటికోడలు తన బిల్లు ఫొటో వాట్సాప్‌లో పంపి "ఈ ట్రూ అప్ ఏంటక్కా, ఈ ఎఫ్‌పీపీసీఏ ఏంటి, వాడిన దానికంటే ఇవే ఎక్కువున్నాయి" అంటుంది. అవీ ఆ సర్దుబాటు చార్జీలకి కొత్త పేర్లే. అక్కడ ప్రభుత్వాలు మారాయి, ఆ వరుసలు మాత్రం బిల్లు మీదినుంచి దిగలేదు. తనకి అర్థమయ్యేలా చెప్పగలిగేది మా ఇంట్లో ఒక్కరే. ఫోన్ బాపుకిచ్చేస్తాను.

బాపు రిటైరై చాలా ఏళ్లయింది. ఇప్పుడు మాతోనే ఉంటున్నాడు. ఇప్పుడు మాది సొంత మీటరు. చక్రం లేదు, ఆకుపచ్చ తెర మీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. తేదీ వస్తుంది, టైము వస్తుంది, వోల్టేజీ వస్తుంది, మనకి కావాల్సిన కేడబ్ల్యూహెచ్, అంటే యూనిట్ల అంకె మాత్రం అన్నిటికంటే చివర. బాపు ఓపిగ్గా ముక్కు మీదికి కళ్లజోడు దించుకుని నిలబడతాడు. తెలంగాణలో నెలకి వంద యూనిట్ల లోపు వాడేవాళ్లకి మొదటి 50 యూనిట్లకు ఏళ్ల తరబడి ఉన్న రూపాయి నలభై అయిదు పైసల రేటు 2022 ఏప్రిల్‌లో రూపాయి తొంభై అయిదు అయింది. ఆ రోజు నుంచే ఈ నిలబడ్డం మొదలైంది.

దానికో లెక్కుంది. 200 యూనిట్లు కాలిస్తే చార్జీ 820 రూపాయలు. 201 అయిందా, మొత్తం శ్లాబే మారిపోయి 1,027 దాటుతుంది. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండొందల పైనే. మా ఇంట్లో పనిచేసే ఆవిడకి 2024 మార్చి నుంచి జీరో బిల్లు. ఆమెకూ అదే గీత, 200 దాటితే ఆ నెల మొత్తం కట్టాలి. ఒక వేసవిలో కూలర్ వల్ల దాటిపోయి లబోదిబోమంది. అప్పటినుంచి ఆమె ఇంటి రీడింగు కూడా బాపు దగ్గరికే వస్తుంది. మా క్యాలెండర్‌లో ప్రతి తేదీ గడిలో రెండు అంకెలు. నీలం సిరా మాది, ఎర్ర సిరా ఆమెది. పాల లెక్క రాసుకోవడానికి నాకు చోటు మిగల్లేదు.

అటక మీద దొరికిన పుస్తకం బాపుకి చూపించాను. తేదీలు వేలితో జరుపుకుంటూ పోయి, తన రాత ఉన్న వరుస దగ్గర ఆగాడు. ఏమన్నా అంటాడేమోనని చూశాను. కళ్లజోడు తుడుచుకుని గడియారం వైపు చూశాడు. ఆరు కావస్తోంది.

"కొత్తింట్ల మీటరు ఏ దిక్కున్నదే?" అన్నాడు.